పొగ చెప్పేది ఎవరు వింటున్నారు?

పొగ కనబడితే నిప్పు ఉన్నట్లేనని మన తర్కశాస్త్రం ఏనాడో చెప్పింది. కొండమీద పొగను చూసి అక్కడ నిప్పున్నదని ఊహించడం మన తార్కికులకు తరతరాలుగా తొలిపాఠం. అయితే ఆ నిప్పు సరిగా మండుతున్నదా, లేదా అన్న ప్రశ్నతో వారికి పని పడలేదు. ఆ పని మన అమ్మమ్మలకు పడింది. కట్టెలపొయ్యి ముందు కూర్చున్న ఆవిడ పొగ నల్లగా లేస్తే రెండు కట్టెలు వెనక్కి లాగేది, లేదా ఊదుగొట్టం అందుకునేది. మంట చూసి కట్టె, పొగ చూసి గాలి. ఆమెకెవరూ థర్మోడైనమిక్స్ పాఠం చెప్పలేదు. ఫలితాన్ని కంటితో చూసి చేత్తో దిద్దుకోవడం, ఇంతే ఆ విద్య.

పెట్రోలు ఇంజనులో ఆ సదుపాయం లేదు. అక్కడ పొయ్యి ఇనుప గోడల మధ్య మూసి ఉంటుంది. నాలుగు సిలిండర్ల కారు ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంటే, ఆ ఒక్క నిమిషంలో ఆరువేలసార్లు నిప్పు అంటుకుని ఆరిపోతుంది. తొంగిచూసేదెవరు? 1886లో బెంజ్ మూడు చక్రాల బండికి పేటెంటు వచ్చింది మొదలు సుమారు తొంభై ఏళ్ళపాటు కార్లు తమ పొగను తాము చూసుకోకుండానే నడిచాయి. 1976లో మొదటిసారి ఒక కారుకు ముక్కు వచ్చింది. అదే లాంబ్డా సెన్సరు, మన మెకానిక్కుల భాషలో ఆక్సిజన్ సెన్సరు. ఈ రోజున మన కాలేజీ స్కూటర్ స్టాండులో నిలబడ్డ కొత్త బండ్లలో చాలావాటికి అది ఉంది. ఉన్నదని తెలిసినవారు మాత్రం బహు తక్కువ.

శుభ్రంగా నడిచే ఇంజను షోరూములో డబ్బిచ్చి ఒక్కసారి కొని తెచ్చుకునే సరుకని మన ప్రభుత్వమూ, మనమూ అనుకుంటున్నాం. అది క్షణక్షణం తన పొగను తాను వాసన చూసుకుని దిద్దుకునే ఒక అలవాటు. బండి కొన్న తర్వాత ఆ అలవాటు బతికి ఉన్నదా, చచ్చిందా అని అడిగే నాథుడు మన దేశంలో లేడు. ఈ మాట ఎందుకంటున్నానో వివరించడానికి మొదట కొంచెం రసాయనశాస్త్రం, కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. మెకానికల్ వాళ్ళు విసుక్కోవద్దు, ఆర్ట్స్ మిత్రులు భయపడవద్దు.

తక్కెడ ముల్లు

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మనం పెట్రోలును లీటర్లలో కొంటాం కాబట్టి ఇంకోలా చెబుతాను. ఒక్క లీటరు పెట్రోలు తగలబెట్టడానికి దాదాపు తొమ్మిదివేల లీటర్ల గాలిని ఇంజను పీల్చుకుంటుంది. ఆ గాలి మనం పీల్చే గాలే. అది తిరిగి మన ముఖాన వదిలేటప్పుడు ఎట్లా ఉంటుందనేది ఆ 14.7 అనే అంకెమీద ఆధారపడి ఉంది.

గాలి తగ్గిందంటే మిశ్రమం రిచ్ అవుతుంది. సగం కాలిన కార్బన్ మోనాక్సైడూ, అసలు కాలని హైడ్రోకార్బన్లూ సైలెన్సరులోంచి బయటకు వస్తాయి. జేబులో డబ్బూ పొగలో కలుస్తుంది. గాలి ఎక్కువైతే లీన్. కొద్దిగా లీన్ అయితే మైలేజీ బాగానే ఉంటుంది గాని, మంట వేడికి మిగిలిన ప్రాణవాయువు నత్రజనితో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మరీ లీన్ అయితే నిప్పే అంటుకోదు, ఇంజను దగ్గుతుంది. ఇక్కడొక చిక్కు ఉంది. బండికి గరిష్ఠ శక్తి కావాలంటే మిశ్రమం కాస్త రిచ్‌గా ఉండాలి, మంచి మైలేజీ రావాలంటే కాస్త లీన్‌గా ఉండాలి. పికప్ కోరే కుర్రవాడు ఒక వైపు లాగుతాడు, పెట్రోలు డబ్బులిచ్చే తండ్రి ఇంకో వైపు లాగుతాడు. రోడ్డు పక్కన ఇడ్లీబండి పెట్టుకుని పొద్దస్తమానం ఆ పొగ పీల్చే మనిషిని అడిగేవారెవరూ లేరు.

ఇంజను పీల్చిన గాలిని అవసరమైన గాలితో భాగిస్తే వచ్చే అంకెకు లాంబ్డా అని పేరు. సరిగ్గా సరిపోతే లాంబ్డా 1. తక్కెడ ముల్లు నడిమధ్యన నిలబడిందన్నమాట.

పాతకాలపు కార్బ్యురేటరు ఈ తూకం ఎట్లా వేసేది? గాలి సన్నని గొంతుగుండా వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గి, జెట్టులోంచి పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. చాలా అందమైన సాధనం, సందేహం లేదు. అయితే అది పోసిందే గాని, పోసింది ఏమైందో ఎన్నడూ చూడలేదు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడిపోయినా, జెట్టు అరిగి బెజ్జం పెద్దదైనా, బండి అరకు కొండ ఎక్కి గాలి పలచబడినా దానికి తెలియదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఆ గుడ్డితనాన్ని మన మెకానిక్కులు తమ కళ్ళతో పూడ్చారని ఇక్కడ ఒప్పుకోవాలి. స్పార్క్‌ప్లగ్గు విప్పి చూసి, కొన కాఫీపొడి రంగులో ఉంటే సెట్టింగు సరి అనేవారు. మసి పట్టి ఉంటే రిచ్, సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంటే లీన్. ఆపైన స్క్రూడ్రైవరుతో గాలి స్క్రూ అర చుట్టు అటూ ఇటూ తిప్పి, చెవొగ్గి వినేవారు. మంట మిగిల్చిన గుర్తును చూసి మిశ్రమాన్ని దిద్దడమే లాంబ్డా సెన్సరు చేసే పని కూడా. మెకానిక్కు ఆ పని మూడు నెలలకోసారి చేశాడు, సెన్సరు సెకనుకు ఒకటి రెండుసార్లు చేస్తుంది. తేడా అంతే, కాని ఆ తేడా మన ఊపిరితిత్తులకు చాలా పెద్దది.

పొగమంచు నగరం

సెన్సరు కథ మొదలయింది అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో. 1940ల నుండి ఆ ఊరిని కళ్ళు మండించే ఒక పొగమంచు కమ్ముకునేది. 1950ల తొలి సంవత్సరాల్లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త దాని గుట్టు విప్పాడు. కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్ వంటి ఘాటైన వాయువుల్ని పుట్టిస్తున్నాయన్నాడు. వాటికి పెద్ద మూలం మోటారు కార్లు. కార్ల కంపెనీలు ఏళ్ళతరబడి తలలు అడ్డంగా ఊపాయి. చివరకు 1970లో అమెరికా ప్రభుత్వం స్వచ్ఛవాయు చట్టం తెచ్చి, కొత్త కార్ల కాలుష్యాన్ని కొద్ది ఏళ్ళలో 90 శాతం తగ్గించమన్నది. ఆ పని ఎట్లా చేయాలో ఆ రోజున ఎవరికీ పూర్తిగా తెలియదు. చట్టం ముందు వచ్చింది, సాధనం వెనక వచ్చింది.

1975 మోడల్ కార్లకు సైలెన్సరు దారిలో కెటాలిటిక్ కన్వర్టర్ అమర్చారు. ప్లాటినం వంటి లోహాల పూత ఉన్న ఆ డబ్బాలో కార్బన్ మోనాక్సైడూ, హైడ్రోకార్బన్లూ మిగిలిన ప్రాణవాయువుతో కలిసి కాలిపోతాయి. సీసం తగిలితే ఆ పూత చచ్చిపోతుంది కనుక సీసంలేని పెట్రోలు కూడా అప్పుడే వచ్చింది. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం మొండికేశాయి. ఎందుచేతనంటే వాటినుండి ప్రాణవాయువును ఊడబీకాలి, మిగతా రెంటికి ప్రాణవాయువును తగిలించాలి. ఒకే డబ్బాలో రెండు ఎదురుపనులు! ఈ రెండూ జరిగే త్రిముఖ కెటలిస్టు తయారైంది గాని, దాని షరతు చాలా కఠినం. లాంబ్డా 1కి ఆనుకుని ఒక సన్నని కిటికీ ఉన్నది. మిశ్రమం ఆ కిటికీలో ఉంటే మూడు విషాలూ తొంభై శాతానికి పైగా పోతాయి. అందులోంచి ఒకటి రెండు శాతం జారినా ఏదో ఒక విషం తప్పించుకుంటుంది. ఏ కార్బ్యురేటరూ అంత నిలకడగా ఉండలేదు. అంటే సెన్సరు లేకుండా ఆ కెటలిస్టు ఒక ఖరీదైన డబ్బా మాత్రమే. ఈ మాట గుర్తు పెట్టుకోవలసిందిగా పాఠకుల్ని కోరుతున్నాను, మన దేశం కథలో దీనితో మళ్ళీ పని ఉంది.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ లాంబ్డా సెన్సరును 1976లో ఉత్పత్తి ప్రారంభించింది. స్వీడన్‌కు చెందిన వోల్వో కంపెనీ దాన్ని కాలిఫోర్నియాకు పంపే కార్లలో మొదటిసారి అమర్చి, లాంబ్డా సోండ్ అనే బిళ్ళను రేడియేటరు జాలీకి గర్వంగా తగిలించింది.

ముక్కు ఎట్లా పనిచేస్తుంది?

సెన్సరు చూడడానికి స్పార్క్‌ప్లగ్గులాగే ఉంటుంది. లోపల దర్జీ వేలికి పెట్టుకునే తొడుగు ఆకారంలో జిర్కోనియా పింగాణీ ముక్క, దానికి లోపలా బయటా పలచని ప్లాటినం పూత. తొడుగు బయటిభాగం సైలెన్సరు పొగలో మునిగి ఉంటుంది, లోపలిభాగానికి మామూలు గాలి తగులుతుంది. సుమారు 300 డిగ్రీలు దాటేసరికి ఆ పింగాణీలోంచి ప్రాణవాయువు అయాన్లు కదలగలుగుతాయి. రెండు వైపులా ప్రాణవాయువులో ఎంత తేడా ఉంటే అంత విద్యుత్ ఒత్తిడి పుడుతుంది. దాన్ని లెక్కగట్టే సూత్రం 1889లో వాల్తర్ నెర్న్‌స్ట్ చెప్పాడు. మన ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో బట్టీపట్టి పరీక్షహాల్లో వదిలేసి వచ్చిన నెర్న్‌స్ట్ సమీకరణమే ఇది.

తమాషా ఏమంటే, మిశ్రమం లీన్‌గా ఉంటే సెన్సరు 0.1 వోల్టు దగ్గర పడి ఉంటుంది. ఒక్క వెంట్రుకవాసి రిచ్ కాగానే 0.8, 0.9 వోల్టులకు ఎగురుతుంది. రిచ్ పొగలో మిగిలిన కాస్త ప్రాణవాయువునూ ప్లాటినం పూతమీద కార్బన్ మోనాక్సైడ్ మింగేస్తుంది. మిగిలేది లెక్కలో చెప్పలేనంత తక్కువ. అందుకే ఆ గెంతు. ఇంజను కంప్యూటరు ఈ గెంతును చూసి, రిచ్ అంటే ఇంజెక్టరు తెరిచి ఉండే సమయాన్ని కొంచెం తగ్గిస్తుంది, లీన్ అంటే కొంచెం పెంచుతుంది. ఇంజెక్టరు దగ్గర చేసిన మార్పు మండి, పొగై, సెన్సరు దాకా రావడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి, మిశ్రమం ఎన్నడూ 1 దగ్గర కదలకుండా నిలబడదు. కిరాణాకొట్టు శెట్టిగారు చిటికెడు వేసి, చిటికెడు తీసి తక్కెడ ముల్లును నడిమికి తెచ్చినట్లు, అటూ ఇటూ ఊగుతూనే సగటున 1 దగ్గర ఉంటుంది. కెటలిస్టులో కలిపే సీరియం ఆక్సైడు లీన్ వైపు ఊగినప్పుడు ప్రాణవాయువును దాచుకుని, రిచ్ వైపు ఊగినప్పుడు వదులుతుంది. పొదుపరి గృహిణి అన్నమాట.

ఇదంతా పరాయి విద్య అని చేతులు ముడుచుకునేవారికి ఒక మాట. జిర్కోనియం మన కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాల ఇసుకలో దొరుకుతుంది. అణు రియాక్టర్ల కోసం దాన్ని శుద్ధిచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన హైదరాబాదులోనే ఉంది. పదార్థం మనకు కొత్తది కాదు.

సెన్సరును దేవుణ్ణి చేయడం కూడా నాకిష్టం లేదు. చలిలో స్టార్టు చేసిన మొదటి నిమిషంలో అది వేడెక్కదు, అంతదాకా ఇంజను గుడ్డిగానే నడుస్తుంది. ఇంకో ముఖ్య విషయం: అది చూసేది ప్రాణవాయువును మాత్రమే, కాలుష్యాన్ని కాదు. సైలెన్సరుకు సెన్సరు ముందు చిన్న పగులుంటే బయటిగాలి లోపలికి చొరబడుతుంది. సెన్సరు దాన్ని చూసి లీన్ అని చెబుతుంది, కంప్యూటరు నమ్మి పెట్రోలు పెంచుతుంది. ఒక ప్లగ్గు మండకపోతే కాలని పెట్రోలుతోపాటు వాడని ప్రాణవాయువూ బయటకు వస్తుంది. అప్పుడూ సెన్సరు లీన్ అనే అంటుంది. పెట్రోలు ఇంకా వృథా! అంటే సాక్షి అబద్ధమాడకపోయినా సాక్ష్యం తప్పుదారి పట్టగలదు. కాబట్టి సెన్సరు ఉంటే చాలదు, దాని భాష తెలిసిన మనిషి కూడా కావాలి.

మన దేశం కథ

మన దగ్గర 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కెటాలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. ఆనాటి కార్లలో చాలావాటికి ఇంకా కార్బ్యురేటర్లే. అంటే కిటికీ పెట్టాం, కిటికీలోంచి చూసే కన్ను పెట్టలేదు. సీసంలేని పెట్రోలు దేశమంతా అందుబాటులోకి వచ్చేసరికి 2000 సంవత్సరం వచ్చింది. హైదరాబాదుకు భారత్ స్టేజ్-3 2005లో, స్టేజ్-4 2010లో వచ్చాయి. దేశమంతటికీ స్టేజ్-4 2017లో, ఐదును దాటేసి స్టేజ్-6 2020 ఏప్రిల్‌లో వచ్చాయి. ఈ చివరి అడుగుతోనే మోటారు సైకిళ్ళూ, స్కూటర్లూ చాలామట్టుకు కార్బ్యురేటరు వదిలి ఇంజెక్టరూ, ఆక్సిజన్ సెన్సరూ తగిలించుకున్నాయి. లాస్ ఏంజిలిస్‌లో 1976లో కారుకు వచ్చిన ముక్కు మన స్కూటరుకు రావడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది. ఆలస్యమైనా వచ్చింది, సంతోషం.

ఆ ముక్కు విలువ ఇథనాలు పెట్రోలు వచ్చినప్పుడు బాగా తెలిసింది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. ఇథనాలులో ప్రాణవాయువు ముందే ఉంటుంది కనుక దానికి బయటిగాలి తక్కువ చాలు. ఇ-20 పెట్రోలుకు సరైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. సెన్సరు ఉన్న బండి ట్యాంకులో ఏం పోశారని అడగదు, పొగలో ప్రాణవాయువు మిగిలిందా అని మాత్రం చూస్తుంది. మిగిలితే ఇంధనం పెంచి సర్దుకుంటుంది. కార్బ్యురేటరు బండి మాత్రం పాత జెట్టుతోనే పోస్తుంది. మిశ్రమం ఎనిమిది, తొమ్మిది శాతం లీన్ వైపు జరుగుతుంది. మన పాత బండ్లు మామూలుగా కాస్త రిచ్‌గానే సెట్ చేసి ఉంటాయి కాబట్టి కొన్ని తట్టుకుంటాయి, ముందే లీన్‌గా ఉన్నవి దగ్గుతాయి. లీటరు ఇథనాలులో శక్తి పెట్రోలుకంటే మూడోవంతు తక్కువ. అందువల్ల తగ్గే మైలేజీని ఏ సెన్సరూ తిరిగి తీసుకురాలేదు. ఈ రెండు విషయాలనూ కలగాపులగం చేసి టీకొట్ల దగ్గర గొంతులు చించుకున్న మిత్రులు ఈ తేడా గమనించాలి.

సర్టిఫికెట్టు పొగ

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ప్రభుత్వం కొత్త బండికి ప్రయోగశాలలో కఠినపరీక్ష పెడుతుంది. బాగుంది. ఆ బండి పదిహేనేళ్ళు రోడ్డుమీద తిరుగుతుంది. ఆ పదిహేనేళ్ళూ దాన్ని అడిగేది పి.యు.సి. పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష ఎట్లా జరుగుతుందో నేను చూశాను. ఒక పెట్రోలు బంకు పక్కన నిలబెట్టిన వ్యానులో నా బండి నంబరు ప్లేటుకు ఫోటో తీశారు. డబ్బు తీసుకున్నారు. కాగితం చేతిలో పెట్టారు. సైలెన్సరులో పెట్టవలసిన గొట్టం చుట్ట చుట్టుకుని వ్యాను తలుపుకు వేలాడుతూనే ఉంది. నేను దానివైపు వేలెత్తి చూపిస్తే, "తమ్ముడూ, నీది కొత్త బండేగా, పాసయిపోతదిలే!" అన్నాడు. కాగితంమీద కార్బన్ మోనాక్సైడ్ అంకె, హైడ్రోకార్బన్ అంకె ముత్యాల్లా అచ్చయి ఉన్నాయి. నా బండి వదలని పొగకు లెక్క వచ్చింది, వదిలిన పొగకు లెక్క రాలేదు.

అందరూ ఇట్లాగే చేస్తారని నేననడం లేదు. గొట్టం పెట్టి నిజాయితీగా కొలిచేవారూ ఉన్నారు. అయితే నిజాయితీగా కొలిచినా ఆ పరీక్ష నిలబడ్డ బండి పొగను కొన్ని క్షణాలు చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే ఎత్తదు. స్టేజ్-4 నుండి కార్లకు ఇంజను వేగం పెంచి లాంబ్డా కూడా కొలవాలని, అది 1కి 0.03 అటూ ఇటూలో ఉండాలని నిబంధనలలో రాసి ఉంది. అంటే చట్టానికి లాంబ్డా అంటే తెలుసు! మన రోడ్లమీద అత్యధిక సంఖ్యలో ఉన్న ద్విచక్ర వాహనాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఐడ్లింగ్ పొగతో సరిపెట్టారు.

ఇక గ్యారేజీల సంగతి. సెన్సరు పాడైతే డాష్‌బోర్డుమీద ఇంజను బొమ్మ లైటు వెలుగుతుంది. బండి ఆగదు, నడుస్తూనే ఉంటుంది. నాకు తెలిసిన ఒక మిత్రుడు ఆ లైటుతో మెకానిక్కు దగ్గరకు పోతే, "సార్, ఆ లైటుతో మనకేం పని? బండి నడుస్తోందిగా!" అని బల్బు దారే మూసేశాడు. కొత్త సెన్సరు కొనే ఖర్చు తప్పిందని మా మిత్రుడూ సంతోషించాడు. ఆ తర్వాత పెట్రోలు ఎక్కువ తాగుతోందని వాపోయాడు. రిచ్ మిశ్రమంలోని కాలని పెట్రోలు కెటలిస్టులో పడి, అది వేడెక్కి కరిగిపోయే ప్రమాదం కూడా ఉన్నదని ఆ మెకానిక్కుకూ ఎవరూ చెప్పలేదు, వాహనదారుకూ ఎవరూ చెప్పలేదు. ఆ మెకానిక్కును తిట్టి లాభం లేదు. ప్లగ్గు రంగు చూసి లాంబ్డా చెప్పగలిగిన మనిషికి మల్టీమీటరుతో 0.1, 0.9 చూడడం నేర్పడానికి ఒక పూట చాలు. ఆ ఒక్క పూట ఎవరూ కేటాయించలేదు.

మన సంగతి మాత్రం ఏమంత ఘనం? మన ప్రయోగశాలలో నిలువుగా కోసి, ఎరుపు నీలం రంగులు వేసిన కార్బ్యురేటరు నమూనా ఉంది. రికార్డులో దాని బొమ్మ నేను రెండుసార్లు గీశాను. లాంబ్డా సెన్సరును మాత్రం నాలుగేళ్ళ చదువులో ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. ఇది మన అధ్యాపకులమీద ఫిర్యాదు కాదు, మన ప్రాధాన్యాలమీద ఫిర్యాదు.

ఒక ఆక్షేపణ

కరెంటు బండ్లు వచ్చేస్తున్నాయి కదా, చచ్చే పాముకు ఇన్ని దెబ్బలెందుకని కొందరు మిత్రులు నాతో వాదించారు. కరెంటు బండ్లు రావాలి, వస్తున్నాయి. అయితే నిన్న అమ్మిన పెట్రోలు బండి రేపు మాయం కాదు. హైబ్రిడ్ కార్లలోనూ పెట్రోలు ఇంజను ఉంది, దానికీ ఈ ముక్కే. రాబోయే పది పదిహేనేళ్ళు మన పిల్లలు పీల్చేగాలి ఎంత బాగుంటుందనేది ఇప్పటికే రోడ్డుమీద ఉన్న బండ్ల సెన్సర్లు పనిచేస్తాయా లేదా అన్నదానిమీద చాలావరకు ఆధారపడి ఉంది. ఒక మొండి సెన్సరు ఉన్న స్కూటరు మంచి స్కూటరుతో పోలిస్తే ఎన్నో రెట్లు విషం కక్కగలదు. రెండూ షోరూములోంచి ఒకే సర్టిఫికెట్టుతో వచ్చినవే.

కాబట్టి నేను అడిగేవి మూడు. ఒకటి, సెన్సరు ఉన్న ప్రతి బండికీ పి.యు.సి. పరీక్షలో సైలెన్సరు గొట్టంతోపాటు బండి కంప్యూటరును కూడా చదవాలి. లైటు బల్బు పీకేసినా తప్పు కంప్యూటరు జ్ఞాపకంలో నమోదై ఉంటుంది. అమెరికాలో 1996 నుండి కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు తప్పనిసరి. అక్కడ అనేక రాష్ట్రాల్లో తనిఖీ అంటే ఆ సాకెట్టులో తీగ పెట్టి చదవడమే. మన కార్లకూ, కొత్త ద్విచక్ర వాహనాలకూ ఆ సదుపాయం ఇప్పుడు ఉంది. వాడుకోవడమే తరువాయి. రెండు, ఐ.టి.ఐ.లలో చదివేవారికే గాక చెట్టుకింద పనిచేసే మెకానిక్కుకు కూడా సెన్సరు పరీక్షించడం నేర్పాలి. నిజమైన బాగుచేత అతని చేతిలో ఉన్నప్పుడు, చట్టం ఎంత గట్టిగా అరిచినా అతను వినకపోతే ఫలితం లేదు. మూడు, మన ప్రయోగశాలలో ఆ రంగుల కార్బ్యురేటరు పక్కన నడిచే ఇంజనొకటి, దానికి సెన్సరూ, సెన్సరుకు ఒక ఆసిలోస్కోపూ ఉండాలి. ఆ తెరమీద గీత పైకీ కిందికీ ఊగుతుంటే చూసిన విద్యార్థికి ఫీడ్‌బ్యాక్ అనే మాటకు వేరే నిర్వచనం బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

మొదటి రెండూ ప్రభుత్వం చేతిలోవి. మూడోది మన చేతిలో కొంత ఉంది. అందుకని వచ్చే ఏటి విద్యార్థి సంఘానికి ఎన్నికయ్యే మిత్రులకు నాదొక మనవి. వార్షికోత్సవాల్లో బ్యానర్లకూ, మైకులకూ పెట్టే ఖర్చులోంచి కొంత తీసి, ఒక రోజంతా మన స్కూటర్ స్టాండు దగ్గర పొగ పరీక్షా శిబిరం నడపండి. ఒక గ్యాస్ ఎనలైజరు అద్దెకు తెద్దాం, ఒక స్కానరు కొందాం. చుట్టుపక్కల పనిచేసే మెకానిక్కుల్నీ పిలుద్దాం. వారికి మనం సెన్సరు చూపిద్దాం, వారు మనకు ప్లగ్గు రంగులు చదవడం నేర్పుతారు. విద్యార్థుల బండ్లూ, అధ్యాపకుల బండ్లూ, ప్రిన్సిపాలుగారి కారూ అన్నీ వరుసలో నిలబడాలి. గొట్టం నిజంగా సైలెన్సరులో పెట్టి కొలుద్దాం. వచ్చిన అంకెల్ని వచ్చే సంచికలో అచ్చువేద్దాం. నంబరు ప్లేట్లు అక్కర్లేదు, అంకెలు చాలు. వరుసలో మొదట నా బండి పెట్టండి.